గోడ వెనక సున్నం గుంత

1987 వేసవి. పావగడ నుంచి వై.ఎన్.హొసకోట వైపు పోయే రోడ్డులో, ఊరు దాటిన కొంతసేపటికి ఎడమ పక్కన ఒక చిన్న ఆక్సిజన్ ప్లాంటు ఉండేది. వెనకబడిన తాలూకా అని ప్రభుత్వం ఇచ్చే రాయితీ చూసి, పావగడలో వేరుశనగ నూనె మిల్లు నడిపే ఒక సావుకారి దాన్ని పెట్టాడు. యంత్రాలు కొత్తవి కావు. ఎక్కడో చాలా ఏళ్ళు పనిచేసి మూలబడ్డ ప్లాంటును విప్పి, లారీల్లో తెచ్చి, ఇక్కడ మళ్ళీ బిగించారు. నేను తుమకూరులో డిప్లొమా చదివి, అందులో షిఫ్టు ఆపరేటర్‌గా చేరి నాలుగేళ్ళయింది.

ఆ చుట్టుపక్కల వానలు మొహం చాటేసి అది మూడో ఏడు. వేసిన వేరుశనగ జానెడు లేచి ఎండిపోయింది. బోర్లు వేసే లారీలు మాత్రం ఆగకుండా తిరిగేవి. కేసింగ్ పైపులు కోయడానికి, అతకడానికి వెల్డింగ్ షాపులకు ఆక్సిజన్ కావాలి. కరువు మాకు గిరాకీ తెచ్చింది. ఆ మాట మాలో ఎవరూ పైకి అనలేదు.

గాలి నుంచి ఆక్సిజన్ ఎట్లా తీస్తారని ఇప్పటికీ అడుగుతుంటారు. పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. ఇన్‌టేక్ పైపు బయటి గాలిని పీలుస్తుంది. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది. కాస్టిక్ సోడా నీళ్ళలో కడిగి బొగ్గుపులుసు వాయువు తీసేస్తాం. డ్రయ్యర్లు తేమ పీల్చుకుంటాయి. తర్వాత ఆ గాలిని ద్రవమయ్యేదాకా చల్లబరుస్తాం. ఇదంతా కోల్డ్ బాక్స్ లోపల జరుగుతుంది. అది రెండంతస్తుల ఎత్తున్న ఇనప పెట్టె, మధ్యలో రాగి కాలమ్. నైట్రోజన్ సున్నా కింద నూట తొంభై ఆరు డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సిజన్ నూట ఎనభై మూడు దగ్గర. ఆ పదమూడు డిగ్రీల తేడా మీద మా బతుకు నడిచేది. నైట్రోజన్ ముందుగా ఆవిరై పైకి పోతుంది. ఆక్సిజన్ లేత నీలం నీళ్ళలా అడుగున మిగులుతుంది. దాన్ని పంపుతో తోడి సిలిండర్లకు ఎక్కిస్తాం.

అడుగున ఆక్సిజన్ ఒక్కటే మిగిలితే బాధ లేదు. గాలిలో ఎసిటిలీన్ కొంచెం ఉన్నా, అది కూడా ఆ ద్రవంలోకి దిగి గడ్డకట్టి, ఇసక రేణువుల్లా రాగికి అంటుకుంటుంది. వెల్డింగ్ షాపుల్లో కార్బైడ్ మీద నీళ్ళు పడితే వెల్లుల్లి వాసనతో వచ్చే వాయువు అదే. ద్రవ ఆక్సిజన్‌లో దాని రేణువులు కొన్ని పోగైతే, ఒక చిన్న కుదుపు చాలు. అట్లాంటి ప్లాంట్లు పేలిన సంగతులు మాకు క్లాసులో చెప్పారు. కొత్త ప్లాంట్లలో దాన్ని ముందే పట్టి ఆపే ఏర్పాటు ఉంటుంది. మా పాతదానికి లేదు.

అందుకే షిఫ్టుకొకసారి టెస్టు చేయాలి. కాలమ్ అడుగు నుంచి కొంత ద్రవం పట్టి, ఆవిరి కానిచ్చి, చివర మిగిలేదాన్ని రంగులేని ఒక రియేజెంట్ గుండా పోనివ్వాలి. ఎసిటిలీన్ ఉంటే అది గులాబీ రంగుకు తిరుగుతుంది. పోల్చుకోవడానికి సీలు వేసిన రెండు గాజు గొట్టాలు ఉండేవి. మొదటి గొట్టం రంగు వస్తే కొంత ద్రవం పారబోయాలి. రెండోదాన్ని దాటితే ప్లాంటు ఆపి అంతా పారబోయాలి. ఆ టెస్టు చేసేది నేను. చూసేది నేను. లాగ్ బుక్కులో రాసేది నేను.

సిలిండర్లు నింపే పని అంజినప్పది. క్యాతగానచెర్లు వైపు మనిషి. వాళ్ళ నాయన కాలం దాకా గొర్రెలు మేపినవాళ్ళు. తర్వాత ఒక వెల్డింగ్ షాపులో రెండేళ్ళు పనిచేసి మా దగ్గరికి వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నన్ను సార్ అంటూనే నువ్వు అనేవాడు. కోల్డ్ బాక్స్‌కు నాలుగడుగుల దూరంలో, నింపే వాల్వుల వరస ముందర ఒక చెక్కపెట్టె బోర్లించుకుని, షిఫ్టంతా దాని మీదే కూర్చునేవాడు. పోయిన ఏడాది ఆయన చనిపోయాడు. మట్టి చేసి వచ్చినప్పటి నుంచి ఈ సంగతి రాయాలని అనుకుంటున్నాను.

ప్లాంటు వెనక గోడను ఆనుకుని ఒక చిన్న పల్లె ఉండేది, నలభై గడప కూడా లేదు. ఆ వేసవిలో వాళ్ళ చేతిపంపు ఎండిపోయింది. కంప్రెసర్‌ను చల్లబరిచే నీళ్ళను మేం కొన్నాళ్ళకొకసారి కొంత వదిలేసి కొత్తవి పట్టేవాళ్ళం. తాగడానికి పనికిరావు కానీ వాడకానికి పనికొస్తాయి. ఆ నీళ్ళు కాలవలో పోయి ఇంకిపోతుంటే చూడలేక, గోడకు ఒక పైపు పెట్టించి, పల్లె ఆడవాళ్ళను పట్టుకోమన్నాను. సావుకారిని అడగలేదు. మంచి పని చేశానని నాకు లోపల కొంత తృప్తి కూడా ఉండేది.

ఆ నెలలో పల్లెవాళ్ళు మారెమ్మకు దేవర, అంటే జాతర, పెట్టుకున్నారు. వాన కోసం. దేవరకు ముందు ప్రతి ఇంటికీ సున్నం కొట్టి తీరాలి.

దేవరకు ఐదు రోజుల ముందు, సోమవారం, రియేజెంట్‌లో లేత గులాబీ కనిపించింది. మొదటి గొట్టం రంగు కంటే తక్కువ. రియేజెంట్ ఎండకు పాడైందనుకున్నాను. దాన్ని చల్లగా ఉంచాలి, మా గదిలో ఫ్రిజ్ లేదు. మంగళవారం అదే రంగు, కొంచెం ముదురుగా. రెండు రోజులూ లాగ్ బుక్కులో 'మామూలు' అని రాశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

బుధవారం పొద్దున పదింటికి కొత్త రియేజెంట్ కలిపాను. అది రంగు తిరగడానికి నిమిషం కూడా పట్టలేదు. రెండో గొట్టం పక్కన పెట్టి చూశాను. దాటింది. ఇంకోసారి ద్రవం పట్టి మళ్ళీ చేశాను. ఇంకా ఎరుపు.

ఆ రోజుల్లో కరెంటు మధ్యాహ్నం రెండుకు తీసేసి సాయంత్రం ఇచ్చేవాళ్ళు. కంప్రెసర్ నడుస్తుండగా కరెంటు పోతే కాలమ్‌లో ప్రెషర్ ఒక్కసారి పడిపోతుంది, లోపల అంతస్తులుగా ఉండే పళ్ళేల మీది ద్రవమంతా కిందికి దూకుతుంది. మామూలు రోజుల్లో అది ఒక ధబ్‌మనే చప్పుడు, అంతే. ఈ రోజు ఆ చప్పుడు వరకు ఆగకూడదు. ముందే నెమ్మదిగా ఆపి ఊరుకుందామంటే, ద్రవం ఆవిరై తరిగే కొద్దీ ఎసిటిలీన్ మాత్రం అడుగున మిగులుతూ పోతుంది. దారి ఒక్కటే. రెండు గంటల లోపల, నెమ్మదిగా ఆపి, ఆపిన వెంటనే మొత్తం పారబోయాలి.

మిల్లుకు ఫోన్ చేశాను.

"లిక్విడ్‌లో ఎసిటిలీన్ ఉండాది సార్. రెండో మార్కు దాటింది. డ్రెయిన్ చేయాల."

"చేస్తే మళ్ళా ఎప్పుడు లేస్తాదప్పా ప్లాంటు?" అన్నాడు సావుకారి.

"మూడు దినాలు పడుతుంది. వేడి చేసి, కడిగి, మళ్ళీ చల్లబరచాల."

"మూడు దినాలా? హిందూపురం లారీ మూడింటికి వస్తాంటే! సాయంత్రం కరెంటు రానీ, నిదానంగా చూద్దాం."

"కరెంటు పోయేటప్పుడే ప్రమాదం సార్."

"ఏమప్పా, నాలుగేండ్ల నుంచి పోతానే ఉండాది, వస్తానే ఉండాది. ఎప్పుడన్నా పేలిందా? బుక్కుల్లో రాసిండేదంతా నిజమనుకుంటే మనం అన్నం గూడ తినల్యాం." ఫోన్ పెట్టేశాడు.

అప్పుడే గట్టిగా నిర్ణయించుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చున్నాను. కిటికీలోంచి అంజినప్ప వీపు కనిపిస్తోంది. చెక్కపెట్టె మీద కూర్చుని, సిలిండరు చల్లగా ఉందో వేడిగా ఉందో అరచేత్తో చూసుకుంటున్నాడు. లేచి ఆయన దగ్గరికి పోయాను.

"అన్నా, ఫిల్లింగ్ ఆపు. లోపల కార్బైడ్ గాలి చేరింది. యాడినుంచి వస్తాందో తెలీదు."

ఆయన వాల్వు తిప్పుతూనే తల ఎత్తాడు. "కార్బైడా? ఓ, ఆ వాసనా?"

"ఏ వాసన?"

"తెల్లగడ్డ వాసన. బీడీ తాగను గోడెనక్కి పోతా గదా, మూడు దినాల నుంచి ఆడ కొడ్తాండాది. గాలి గూడ సోమవారం తిరిగింది, అటు నుంచి ఇటు తోలుతాండాది."

"మూడు దినాల నుంచా? నాకెందుకు చెప్పల్యా?"

"నీకు చెప్పేదేంది? పొద్దస్తమానం బుక్కు చదివేటోడివి. నీకు తెలీకుండా ఉంటాదనుకున్న్యానా?"

కంప్రెసర్ చూసే రంగప్పతో, ద్రవం మట్టం చూపే లెవెల్ గేజీ మీద నుంచి చూపు తిప్పొద్దని చెప్పి, మేమిద్దరం వెనక తలుపు తీసుకుని పరిగెత్తాం.

గోడ అవతల, నేను పెట్టించిన పైపు కింద, నడుం లోతు గుంత తవ్వి ఉంది. దాన్నిండా బూడిద రంగు సున్నం కుతకుతమని ఉడుకుతోంది. చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. సరిగ్గా దానికి పైన, గోడ మీద, మా ఇన్‌టేక్ పైపు నోరు తెరుచుకుని ఉంది.

ఆ ఆడవాళ్ళలో పెద్దది తిమ్మక్క. దేవర పనులన్నీ ఆమె చేతి మీదే నడుస్తున్నాయి. నన్ను చూసి నవ్వింది. "రాండి సారూ, సూడండి, ఎట్ల ఉడుకుతాందో! పోయిన తూరి తెచ్చిండేది సప్పగా ఉణ్ణ్యాది. ఈ తూరి శానా మంచి సున్నం."

"యాడిదక్కా ఇది?"

"వెల్డింగ్ షాపుది. ఎత్తుకపోండి, నాకూ పారేసే బాధ తప్పుతాదన్న్యాడు ఆయప్ప."

నాకు అప్పుడు అర్థమైంది. గ్యాసు తీశాక కార్బైడ్‌లో మిగిలేది సున్నమే. ఆ ప్రాంతంలో చాలా ఇళ్ళకు దాన్నే కొట్టేవాళ్ళు, ఏ ప్రమాదమూ లేదు. కానీ ఆ వేసవిలో వెల్డింగ్ షాపుకూ నీళ్ళు కరువే. సరిపడా పోయకుండా, సగమే ఉడికిన కార్బైడ్‌ను బయట పారేస్తున్నాడు. మిగిలిన సగం ఇక్కడ, మా నీళ్ళతో, ఉడుకుతోంది. ఉడికే సున్నం మంచి సున్నమని ఎవరైనా అంటారు.

"నీళ్ళు ఆపండక్కా. ఇంక చుక్క గూడ పోయొద్దు."

తిమ్మక్క మొహం మారింది. "మీరే గదా పట్టుకోమన్న్యారు? ఇప్పుడు సావుకారి వద్దన్న్యాడా?"

"నీళ్ళకు కాదు. ఇది ఉడికేటప్పుడు ఒక గాలి వస్తాది. ఆ పైపు దాన్ని పీల్చుకుంటాది. లోపల గడ్డకట్టి కూర్చోనుండాది. పేలితే ఈ గోడ ఉండదు."

ఆమె తలెత్తి పైపు వైపు చూసింది. "అంటే మా గాలి మీరు పీలుస్తాండారా?"

"మరి ఆ సిలిండర్లలోకి సావుకారి నోటితో ఊదుతాండాడనుకున్న్యావా?" అన్నాడు అంజినప్ప.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. తిమ్మక్క నవ్వలేదు. "ఏం జేయాలో చెప్పు సామీ" అంది.

ముందు ఆ గుంత. తడిసినదాన్ని కదిలిస్తే ఇంకా గ్యాసు వస్తుంది. అంజినప్ప పొడి మట్టి తోయించాడు, పారతో తనూ, చేటలతో వాళ్ళూ. అరగంటలో గుంత పూడింది. గాలిలో తెల్లగడ్డ వాసన తగ్గింది. అప్పటికి పదకొండున్నర.

తర్వాత డ్రెయిన్ పిట్ చూడబోయాను. ద్రవ ఆక్సిజన్ పారబోయడానికి కాంపౌండు మూలలో రాళ్ళు పరిచిన పల్లం ఉంటుంది. అది ఖాళీగా, శుభ్రంగా ఉండాలని రూలు. దాని పక్కనే సావుకారి తన మిల్లు నుంచి వేరుశనగ పొట్టు తెచ్చి పోయించాడు, ఇటికల బట్టీవాళ్ళకు అమ్మడానికి. గాలికి సగం పొట్టు పల్లంలోకి జారి, మోకాలి లోతు నిండింది. ద్రవ ఆక్సిజన్‌లో తడిసిన పొట్టు మందుగుండుతో సమానం. గనుల్లో అట్లాంటి మిశ్రమంతోనే ఒకప్పుడు బండలు పేల్చేవాళ్ళని చదివాను. నాలుగేళ్ళుగా ఆ కుప్ప పక్కనుంచి రోజూ నడిచాను.

"దీన్నంతా ఎత్తాల. ఒక్క పొట్టు మిగలగూడదు" అన్నాను.

తిమ్మక్క కొంగు బిగించింది. "గంపలు తేండే!" అని పల్లె వైపు కేకేసింది. ఎంతమంది వచ్చారో లెక్క పెట్టలేదు. గంపల్లో ఎత్తి, కాంపౌండు దాటించి, దూరంగా పోసి వచ్చారు. చివరికి రాళ్ళ సందుల్లో ఇరుక్కున్న పొట్టును పొరకలతో ఊడ్చారు, వేళ్ళతో ఏరారు. ఒకామె అంది, "మారెమ్మ గుడి గూడ ఇంత సుద్దంగా ఊడ్సల్యా మనం."

ఒకటి దాటింది. కరెంటు రెండుకు పోవాలని రాసి ఉంది కానీ పది నిమిషాలు ముందే తీసిన రోజులున్నాయి.

"అక్కా, ఇంకొక మాట. పల్లెలో పొయ్యిలన్నీ ఆర్పాల. ఒక గంట. పారబోసే ఆక్సిజన్ అటొస్తే నిప్పు భగ్గుమంటాది, బీడీ గూడ ముట్టించగూడదు."

"పొయ్యిలా? దేవరకు సుట్టాలొచ్చిండారు సామీ. ఉడకని సంగటి పెట్టమంటావా?"

"గాలి మళ్ళా తిరిగి ఇప్పుడు మీ దిక్కు తోలుతాంటే నేనేం జేయాల?"

ఆమె అంజినప్ప మొహం చూసింది. ఆయన తలూపాడు. ఆమె పల్లెలోకి పోయింది. ఇంటింటి ముందరా ఆమె గొంతు వినిపించింది. ఒక్కొక్క ఇంటి కప్పు మీది పొగ ఆగిపోవడం గోడ మీద నిలబడి చూశాను. ఒంటిగంట ఇరవైకి ఎక్కడా పొగ లేదు.

కంప్రెసర్‌ను మెల్లగా దించమని రంగప్పకు చెప్పాను. ప్రెషర్ గేజీల ముళ్ళు కిందికి దిగాక అతణ్ని బయటికి పంపాను. అంజినప్పనూ పొమ్మన్నాను.

"వాల్వు బిగుసుకుంటే ఎవరు తిప్పుతారు?" అని కదల్లేదు.

డ్రెయిన్ వాల్వు పావు వంతు తిప్పాను. అవతల రాళ్ళ మీద సలసల చప్పుడు. తెల్లటి పొగమంచు నేలను పట్టుకుని పాకింది. దాని అంచున ఎండుగడ్డి పరకలు గాజులా విరిగాయి. నేను వాల్వు దగ్గర, ఆయన లెవెల్ గేజీ దగ్గర. ఆయన అంకెలు చదువుతున్నాడు. అరవై. నలభై ఐదు. వేగం పెంచడానికి నాకు ధైర్యం లేదు, తగ్గించడానికి టైం లేదు. ఇరవై. పది. చివర్లో చప్పుడు మారింది, ద్రవం బదులు గాలి వస్తోంది. వాల్వు తెరిచే ఉంచి ఇద్దరం బయటికి నడిచాం. పరిగెత్తాలనిపించింది కానీ పరిగెత్తలేదు. కరెంటు రెండుకు ఐదు నిమిషాలుందనగా పోయింది.

రోడ్డు అవతల కానుగ చెట్టు కింద, అప్పటికే ఇళ్ళు వదిలి అక్కడికి చేరిన పల్లెవాళ్ళతో పాటు కూర్చున్నాం. రెండున్నర దాటాక లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. పెద్దది కాదు, ఎండు కొబ్బరికాయ పగిలినట్టు. సాయంత్రం ఐదు దాకా ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు.

కోల్డ్ బాక్స్ నుంచి లెవెల్ గేజీకి పోయే సన్నటి రాగి గొట్టం ఒకటి ఉంటుంది. అది ఒక పక్క మూసుకుపోయిన దారి. అందులో నిలిచిన కొద్ది ద్రవం పూర్తిగా ఆవిరైపోయి, అడుగున మిగిలినది పేలింది. గొట్టం నిలువునా చీలి, రాగి అంచులు పువ్వులా విచ్చుకున్నాయి. ఒక ముక్క చెక్కపెట్టెలో రెండంగుళాలు దిగబడింది.

సావుకారి అప్పుడే జీపు దిగి వచ్చాడు. గొట్టం చూశాడు. "ఈ చిటికెన వేలంత దానికా నా ప్లాంటు మూడు దినాలు నిలిపినావు?"

"ఇది చిటికెన వేలే సావుకారీ. మిగతా ఒళ్ళంతా లోపలుణ్ణ్యాది. ఈయప్ప పారబోసినాడు" అన్నాడు అంజినప్ప.

సావుకారి జీపెక్కి పోయాడు. బయట పోసిన పొట్టు కుప్పను మర్నాడే అక్కణ్నించి ఎత్తించాడు. దేవర జరిగింది. గోడ అవతల ఇళ్ళకు సగం దాకే సున్నం ఉంది. ఇన్‌టేక్ పైపును తూర్పు వైపుకు, ఇంకా ఎత్తుకు మార్చాం. నీళ్ళ పైపు అట్లాగే ఉంచాం.

అసలు చెప్పాలనుకున్నది ఆ సాయంత్రం సంగతి. అందరూ పోయాక అంజినప్ప చెక్కపెట్టె దగ్గర వంగి, ఆ రాగి ముక్కను గోళ్ళతో పెకలించడానికి చూశాడు. రాలేదు. వదిలేసి నా వైపు తిరిగాడు.

"రంగు ఈ పొద్దే కనపడిందా సార్, ముందే కనపడిందా?"

"సోమవారమే కనపడింది. లేతగా."

"మాకెందుకు చెప్పల్యా?"

నీకర్థం కాదనుకున్నాను అన్న మాట నోటిదాకా వచ్చింది. అది నిజం కూడా. వాసన ఆయన దగ్గర ఉంది, రంగు నా దగ్గర ఉంది. నాకు తెలిసే ఉంటుందని ఆయన ఊరుకున్నాడు. అది ఆయన గౌరవం. ఆయనకు తెలియదని నేను ఊరుకున్నాను. దానికి గౌరవం అని పేరు పెట్టలేను. సోమవారం ఇద్దరం ఒక్క మాట అనుకుని ఉంటే కొంత ద్రవం పారబోసి, గుంత పూడ్చి, సరిపోయేది.

లాగ్ బుక్కులో ఆ రెండు రోజుల 'మామూలు' కొట్టేసి, కనిపించిన రంగు రాసి, సంతకం చేశాను.

మర్నాటి నుంచి నేను టెస్టు చేసే వేళకు అంజినప్ప చేతులు తుడుచుకుని గదిలోకి వచ్చి నిలబడేవాడు. "ఈ పొద్దు రంగెట్లుండాది సార్?" అనేవాడు. గొట్టం ఆయన చేతికిచ్చేవాణ్ని. ఆయన వెలుతురుకు పట్టి చూసి, తర్వాత గోడ వెనక గాలి ఎట్లా ఉందో నాకు చెప్పేవాడు. ఆ ప్లాంటు మూతబడేదాకా ఒక్క షిఫ్టూ అది తప్పలేదు. కోల్డ్ బాక్స్‌కు నాలుగడుగుల్లో కూర్చునే మనిషికి ఆ ప్రశ్న అడిగే హక్కు చేరిన మొదటి రోజు నుంచే ఉంది. దాన్ని ఆయన నన్ను అడిగి తీసుకోలేదు. నేనూ నాలుగేళ్ళు ఇవ్వలేదు.